కార్బురేటర్ విప్పే ముందు ట్యాంకు దగ్గర మొదలుపెట్టండి: టూ స్ట్రోక్ జెట్ స్కీ ఇంధన వ్యవస్థ

జెట్ స్కీ పికప్ అందుకోకపోయినా, సగం వేగంలో తడబడినా, ఫుల్ థ్రాటిల్‌లో ఊపు పడిపోయినా నింద మొదట కార్బురేటర్ మీదే పడుతుంది. విప్పుతారు, స్ప్రే కొడతారు, బిగిస్తారు. కొన్నాళ్లు బాగానే తిరిగి మళ్లీ మొదటికొస్తుంది. కారణం చాలాసార్లు ఒకటే. కార్బురేటర్‌లో దొరికిన చెత్త అక్కడ పుట్టింది కాదు. ట్యాంకులోంచో, పైపుల్లోంచో, సెలెక్టర్ వాల్వు (ఆన్, రిజర్వ్, ఆఫ్ మార్చేది) లోంచో కొట్టుకొచ్చి అక్కడ చేరింది. వచ్చే దారి అలాగే వదిలేసి చేరిన చోటు మాత్రమే కడిగితే ఆ పని మళ్లీ చేసుకోవాల్సిందే. అందుకే ట్యాంకు అడుగు నుంచి సిలిండర్ దాకా మొత్తం ఒకే వరుసలో చూడాలి.

ఇక్కడ చెప్పేదంతా టూ స్ట్రోక్ కార్బురేటర్ బళ్లకు. ఇప్పుడు షోరూముల్లో దొరికేవి ఫోర్ స్ట్రోక్ ఇంజెక్షన్ ఇంజన్లు. అయినా 1990లలో అమ్ముడైన సీ-డూ, వేవ్‌రన్నర్, కవాసాకి, పొలారిస్ బళ్లు ఇంకా నీళ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. యమహా సూపర్‌జెట్ అయితే 2020 మోడల్ దాకా టూ స్ట్రోక్ కార్బురేటర్‌తోనే వచ్చింది. మోడల్‌ను బట్టి అంకెలు మారతాయి కాబట్టి మీ బండి సర్వీస్ మాన్యువల్ పక్కన పెట్టుకునే చదవండి.

ఫ్లోట్ బౌల్ లేని కార్బురేటర్

మోటార్‌సైకిల్ కార్బురేటర్‌కు అడుగున ఓ గిన్నె, అందులో తేలే ఫ్లోట్ ఉంటాయి. పెట్రోలు మట్టం తగ్గితే ఫ్లోట్ దిగుతుంది, పెట్రోలు దారిని మూసే సూది వాల్వు, అంటే నీడిల్, తెరుచుకుంటుంది. జెట్ స్కీలో ఇది పనికిరాదు. అలల మీద ఎగిరిపడే, పక్కకు ఒరిగే, ఒక్కోసారి బోల్తా కూడా పడే బండిలో గిన్నెలోని పెట్రోలు ఒక మట్టంలో ఉండదు. అందుకే మికుని సూపర్ బీఎన్, కేహిన్ సీడీకే లాంటి డయాఫ్రమ్ (ఊగే పలచని పొర) కార్బురేటర్లు వాడారు. వీటిలో రెండు వేర్వేరు పనులు రెండు వేర్వేరు డయాఫ్రమ్‌లు చేస్తాయి. ఈ రెండింటినీ విడివిడిగా అర్థం చేసుకుంటే లోపం ఎక్కడుందో సగం తెలిసిపోతుంది.

మొదటిది పంపు. పిస్టన్ పైకి వెళ్తే దాని కిందున్న గదిలో, అంటే క్రాంక్‌కేసులో వాక్యూమ్, కిందికి వస్తే ప్రెషర్ పుడతాయి. ఈ ఊపిరి ఓ సన్నని పల్స్ గొట్టం ద్వారా పంపు డయాఫ్రమ్‌ను చేరి దాన్ని కొలిమి తిత్తిలా ఆడిస్తుంది. పలచని ప్లాస్టిక్ పొరతో చేసిన రెండు చెక్ వాల్వులు పెట్రోలును ఒకే దిక్కుకు పోనిస్తాయి. ఈ పంపు పనికి కరెంటు అక్కర్లేదు, పల్స్ ఉంటే చాలు. పల్స్ గొట్టం పగిలినా, మెత్తబడి ప్రతి పల్స్‌కీ ఉబ్బుతున్నా పంపు నీరసపడుతుంది. ఆ గొట్టాన్ని మార్చేటప్పుడు అదే పొడవు, మందపాటి గోడ ఉన్నదే వేయాలి. మామూలు మెత్తని ఫ్యూయల్ పైపు పొడుగ్గా వేస్తే పల్స్ దారిలోనే చచ్చిపోతుంది.

రెండోది మీటరింగ్ డయాఫ్రమ్. కార్బురేటర్ గొంతులోంచి గాలి వేగంగా వెళ్తుంటే జెట్ల (పెట్రోలును కొలిచి వదిలే సన్న బెజ్జాల మరల) దగ్గర పుట్టే వాక్యూమ్ ఈ పొరను లోపలికి లాగుతుంది. పొర ఓ చిన్న లివర్‌ను నొక్కుతుంది. లివర్ అవతలి కొస స్ప్రింగు బలాన్ని ఎదిరించి నీడిల్‌ను సీటు మీంచి లేపుతుంది. పంపు తోసే పెట్రోలు అప్పుడు లోపలికి దిగుతుంది. పొరకు బయటి వైపు మామూలు గాలి ఒత్తిడి ఉండాలి, దానికే మూతకు ఓ సన్న రంధ్రం ఉంటుంది. అది ఉప్పుతోనో బురదతోనో పూడిపోతే పొర స్వేచ్ఛగా కదలదు. ఎన్ని జెట్లు మార్చినా లెక్క కుదరదు.

పంపు పంపినదంతా నీడిల్ తీసుకోదు. మిగిలినది రిటర్న్ పైపు ద్వారా ట్యాంకుకు తిరిగి వెళ్తుంది. రిటర్న్ ఫిటింగులో సన్నటి బెజ్జం ఉండేది లోపల తగినంత ఒత్తిడి నిలబడాలనే. పైపులు మార్చేటప్పుడు సప్లై పైపును పొరపాటున ఈ ఫిటింగుకు తగిలిస్తే ఐడ్లింగ్ మామూలుగానే ఉంటుంది. ఫుల్ థ్రాటిల్‌లో మాత్రం ఇంజన్‌కు పెట్రోలు చాలదు.

లీన్ అంటే ఎందుకంత భయం

గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువైతే లీన్. అటుదిటైతే రిచ్. రిచ్ అయితే పొగ వస్తుంది, ప్లగ్గు తడుస్తుంది, బండి మొరాయిస్తుంది. అంటే ఏదో బాగోలేదని అదే చెప్పేస్తుంది. లీన్ అలా చెప్పదు. ఒక్కోసారి సీజ్ అయ్యే, అంటే పిస్టన్ పట్టేసే ముందు ఇంజన్ మామూలు కంటే చురుగ్గా కూడా అనిపిస్తుంది. ఆవిరయ్యే పెట్రోలు తీసుకెళ్లాల్సిన వేడి మిగిలిపోయి పిస్టన్ తల కాలుతుంది. అల్యూమినియం పిస్టన్ వ్యాకోచించి ఎక్కువగా ఎగ్జాస్ట్ వైపు సిలిండర్ గోడను రాసుకుంటుంది. ఆయిల్ పెట్రోల్లోనే కలిపి పోసే బళ్లలో ఇది రెండింతల దెబ్బ, పెట్రోలు తగ్గితే ఆయిల్ కూడా తగ్గినట్టే.

రెండు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు ఉన్న బండిలో ఒక దాని ఫిల్టరే పూడిందనుకోండి. రెండో సిలిండర్ బండిని లాక్కెళ్తూనే ఉంటుంది. నడిపేవారికి కొంచెం వేగం తగ్గిందనే అనిపిస్తుంది. ఆ కొంచెంతోనే ఫుల్ థ్రాటిల్‌లో ఐదు నిమిషాలు పోతే ఒక పిస్టన్ పోతుంది. బండి మీద అనుమానం వచ్చాక వేగం పెంచి పరీక్షించకూడదు అనేది ఇందుకే.

ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా

1990లలోని సీ-డూలలో గ్రే రంగు టెంపో బ్రాండు పైపులు వచ్చేవి. కాలక్రమంలో పెట్రోలు తగిలి వీటి లోపలి పొర కరిగి ఆకుపచ్చ జిగురుగా మారుతుంది. ఆ జిగురు సెలెక్టర్ వాల్వులోనూ, కార్బురేటర్ లోపలి చిన్న ఫిల్టర్ జల్లెడ మీదా పేరుకుంటుంది. మీ బండిలో గ్రే పైపు ముక్క కనిపిస్తే బాగున్నట్టుందే అని వదలకండి. సప్లై, రిజర్వ్, రిటర్న్ అన్నీ ఒకేసారి తీసేసి నల్లటి రీఇన్‌ఫోర్స్‌డ్ ఫ్యూయల్ హోస్ వేయండి. చాలా మోడళ్లకు లోపలి వ్యాసం కాలు అంగుళం, అంటే సుమారు 6 మి.మీ. పాత పైపు కొలిచి అదే సైజు తీసుకోండి. లోపల పెట్రోలు కనిపిస్తుందని పారదర్శక ప్లాస్టిక్ పైపు వేసేవాళ్లున్నారు. అది ఇంజన్ వేడికి గట్టిపడి ఫిటింగు దగ్గర చీలుతుంది, ఇలాంటి చోట వేయకూడదు.

పైపులతో పాటు సెలెక్టర్ వాల్వును కూడా మార్చడమే మేలు. కడిగి వాడుకోవచ్చు గానీ లోపలి సన్నని దారుల్లో జిగురు పూర్తిగా పోదు. ఆన్‌లో తడబడి, రిజర్వ్‌లో పెడితే బండి బాగుంటే, ట్యాంకులో పెట్రోలు ఉన్నా సరే ట్యాంకులోంచి పెట్రోలు పీల్చే ఆన్ పికప్ గొట్టమో వాల్వులోని ఆ దారో పూడిందని అర్థం. ఇది ఖర్చు లేని పరీక్ష, చేసి చూడండి.

వాటర్ సెపరేటర్ గిన్నెను విప్పి తుడిచి, కింద ఓ-రింగు కొత్తది వేయండి. ఇక్కడ ఒక విషయం చాలామంది గమనించరు. ట్యాంకు నుంచి కార్బురేటర్ పంపు దాకా పైపంతా పీల్పు మీద ఉంటుంది. దీనిలో ఎక్కడైనా చిల్లు పడితే పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి వస్తుంది. నేల మీద ఒక్క చుక్కా పడలేదు కాబట్టి లీకు లేదనుకోవడం పొరపాటు. గిన్నె సరిగ్గా కూర్చోకపోయినా, క్లాంపు వదులైనా ఇంజన్ లీన్ అయిపోతుంది.

దీన్ని పట్టుకోవాలంటే ప్రెషర్ టెస్ట్ చేయాలి. ట్యాంకు మూత బిగించి, వెంట్ పైపు దగ్గర గేజ్ ఉన్న చేతిపంపు తగిలించి, మిగతా వెంట్ దారులు మూసి, 5 పీఎస్ఐ ఎక్కించి 10 నిమిషాలు చూడండి. ముల్లు కదలకూడదు. కదిలితే సబ్బు నీళ్లు పూసి బుడగలు ఎక్కడ లేస్తాయో చూడండి. ఆ కొద్ది ఒత్తిడికి కార్బురేటర్ నీడిల్ తెరుచుకోదు, తెరుచుకుందంటే లోపం అక్కడే. పరీక్ష అయ్యాక మూసిన వెంట్లు తెరవడం మర్చిపోతే కొత్త సమస్య మీరే తెచ్చుకున్నట్టు. పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. వెంట్ చెక్ వాల్వు మూసుకుపోతే బండి కొంతసేపు బాగా తిరిగి నీరసపడుతుంది. ట్యాంకు మూత తీస్తే గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వచ్చి, ఆ తర్వాత ఇంజన్ బాగుపడితే లోపం వెంట్‌దే.

కార్బురేటర్ విప్పే ముందు

కంప్రెషన్ గేజ్‌తో రెండు సిలిండర్లూ చూడండి. తేడా 10 శాతం దాటితే కార్బురేటర్ సర్వీసు మీద పెట్టే శ్రమ వృథా. ముందు ఇంజన్ సంగతి తేల్చుకోవాలి. బ్యాటరీ వైరు తీసేయండి, సీటు ఎత్తి హల్‌కు (పడవ లోపలి అడుగు భాగానికి) గాలి తగలనివ్వండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, పడవ అడుగున చేరి కూర్చుంటుంది.

లో స్పీడ్, హై స్పీడ్ స్క్రూలను విప్పే ముందు మెల్లగా లోపలికి తిప్పి ఎన్ని చుట్లకు తగిలిందో రాసుకోండి. గట్టిగా బిగిస్తే సూది మొన దెబ్బతింటుంది. రెండు కార్బురేటర్లనూ కలిపి విప్పకండి. కొన్ని మోడళ్లలో రెండింటి జెట్ల నంబర్లు కావాలనే వేర్వేరుగా ఉంటాయి. కలిసిపోతే ఏది ఎక్కడిదో పోల్చుకోలేరు. మరలకు జపాన్ జేఐఎస్ స్క్రూడ్రైవర్ వాడండి. మామూలు ఫిలిప్స్ వాడితే తలలు అరిగిపోతాయి, ఆ తర్వాత ప్రతి మరతోనూ కుస్తీయే.

లోపలి ఫిల్టర్ జల్లెడ చిన్నది, గోరంత కూడా ఉండదు. తీసి తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. ఆకుపచ్చ జిగురుంటే గ్రే పైపులు. నల్లటి మెత్తని ముక్కలుంటే పైపుల లోపలి రబ్బరు రాలుతోంది. తెల్లటి పొడి ఉంటే నీళ్లు చేరి లోహం తుప్పుబడుతోంది. పసుపు, గోధుమ రంగుల పెళుసు పొర కనిపిస్తే నెలల తరబడి వదిలేసిన పెట్రోలు. అది కడగక ముందు ఒక ఫొటో తీసుకుంటే మంచిది. ఎక్కడ మరమ్మతు చేయాలో ఆ కాగితమే చెబుతుంది.

లోపలి పని

రబ్బరు, ప్లాస్టిక్ భాగాలన్నీ తీసేశాకే కార్బ్ క్లీనర్ కొట్టాలి. డయాఫ్రమ్ ఉండగా కొడితే పొర ఉబ్బి పాడవుతుంది. జెట్లు విప్పి, వెలుతురులో పట్టుకుని చూడాలి. బెజ్జం గుండ్రంగా కనిపించాలి. తీగ పెట్టి పొడవకండి, బెజ్జం పెద్దదైతే నంబరే మారిపోయినట్టు. నైలాన్ బ్రష్ పోగు లేదా కంప్రెస్డ్ ఎయిర్ చాలు. ఎక్కువగా పూడేది సీతాకోకచిలుక వాల్వు దగ్గర గొంతులో వరుసగా ఉండే చిన్న చిన్న రంధ్రాలు. ఐడ్లింగ్ నుంచి పికప్‌కు మారేటప్పుడు పెట్రోలు వచ్చేది వీటిలోంచే. లో స్పీడ్ స్క్రూ ఉండే రంధ్రంలోంచి స్ప్రే కొడితే ప్రతి బెజ్జంలోంచి సన్నటి ధార రావాలి. ఒకటి రాకపోయినా వదలకండి. అల్ట్రాసోనిక్ క్లీనర్ దొరికితే మొండి వార్నిష్ (ఎండిన పెట్రోలు పొర) దానితోనే పోతుంది.

నీడిల్ మొనను భూతద్దంతో చూడండి. కొసన ఓ గీత, అంటే సీటు అచ్చు పడిందంటే నీడిల్, సీటు రెండూ జతగా మార్చాలి. సీటు మీద సైజు అంకె ఉంటుంది, అదే వేయాలి. స్ప్రింగును సాగదీయడం, కత్తిరించడం చేయకండి. మికుని సూపర్ బీఎన్‌లో లివర్ కొస, పక్కనున్న గది నేలకు సమంగా ఉండాలి. స్కేలు అంచు ఆనించి చూడండి. ఎత్తుగా ఉంటే నీడిల్ ముందే తెరుచుకుని పెట్రోలు ఎక్కువవుతుంది, తక్కువగా ఉంటే ఆలస్యంగా తెరుచుకుని లీన్ అవుతుంది.

అసలైన పరీక్ష పాప్-ఆఫ్ ప్రెషర్. ఎంత ఒత్తిడికి నీడిల్ లేస్తుందో కొలవడమే ఇది. గేజ్ ఉన్న చిన్న చేతిపంపును ఇన్‌లెట్ ఫిటింగుకు తగిలించి, రిటర్న్ ఫిటింగును మూసేయండి. నీడిల్, సీటు మీద కొంచెం పెట్రోలో డబ్ల్యూడీ-40నో చిమ్మి, మెల్లగా ఒత్తిడి పెంచండి. పొడి నీడిల్ అంకె ఎప్పుడూ అబద్ధం చెబుతుంది. టప్‌మని తుంపర వచ్చే క్షణంలో గేజ్ ఎంత చూపిందో రాసుకోండి. కనీసం మూడుసార్లు చేయండి. మూడు అంకెలూ దగ్గరగా లేకపోతే సీటులో ధూళి ఉందనో లివర్ తగులుతోందనో అర్థం. మోడల్‌ను బట్టి ఈ అంకె చాలా మారుతుంది, కాబట్టి మాన్యువలే ప్రమాణం. ఆ తర్వాత 10 పీఎస్ఐ దగ్గర ఆపి ఓ నిమిషం చూడండి. ముల్లు దిగుతుంటే నీడిల్ కారుతోంది. కారే నీడిల్ రాత్రికి రాత్రి క్రాంక్‌కేసులో పెట్రోలు చేరుస్తుంది, పొద్దున స్టార్టర్ తిప్పడమే కష్టమవుతుంది.

ఈ అంకె మారేది రెండింటి వల్లే. స్ప్రింగు గట్టిదైతే పెరుగుతుంది, సీటు పెద్దదైతే తగ్గుతుంది. మరీ ఎక్కువైతే థ్రాటిల్ నొక్కగానే ఇంజన్ ఒక క్షణం ఊపిరి బిగపట్టినట్టు ఆగుతుంది. మరీ తక్కువైతే ఐడ్లింగ్‌లో తడిసి ప్లగ్గులు పోతాయి. జెట్లు తీసి మార్చే ముందు ఈ పరీక్ష చేస్తే చాలా జెట్లు మార్చాల్సిన పనే ఉండదు.

కొత్త డయాఫ్రమ్ మెత్తగా, ముడత లేకుండా ఉండాలి. పాతది గట్టిపడి టపటపలాడుతుంటే పారేయడమే. గ్యాస్కెట్, డయాఫ్రమ్ ఏ వరుసలో ఉన్నాయో విప్పేటప్పుడే ఫొటో తీసుకోండి, తారుమారైతే మూత సరిగ్గా కూర్చున్నా బండి సరిగ్గా నడవదు. మీటరింగ్ గదిలోనూ, పంపులోనూ ఉన్న పారదర్శక చెక్ వాల్వు పొరలు అంచుల్లో పైకి వంకరపోయి ఉంటే మార్చండి. పంపు వాల్వులను నోటితో ఊది చూడొచ్చు. ఒక దిక్కుకు గాలి పోవాలి, రెండో దిక్కుకు పోకూడదు. చవకరకం కిట్లలో డయాఫ్రమ్ మందం, స్ప్రింగు బలం ఒరిజినల్‌కు సరిపోవు. ఈ ఒక్క చోట ఖర్చుకు వెనకాడొద్దు. అసలు కిట్టు దొరకకపోతే, కిట్టుతో వచ్చిన స్ప్రింగును మాత్రం పక్కన పెట్టి బాగున్న పాత స్ప్రింగే వేయండి.

బిగింపు, సర్దుబాటు

కార్బురేటర్ కింది గ్యాస్కెట్లు కొత్తవి వేయండి. ఇక్కడి గాలి లీకు కార్బురేటర్ లోపం లాగే కనిపిస్తుంది. రెండు సీతాకోకచిలుక వాల్వులూ ఒకే క్షణంలో తెరుచుకోవాలి. కంటితో కాదు, సన్నని కాగితపు పట్టీ పెట్టి చూస్తే తెలుస్తుంది. ఆయిల్ ఇంజెక్షన్ బళ్లలో ఆయిల్ పంపు లివర్ మీది గుర్తును థ్రాటిల్ కేబుల్ వదులు సరిచేశాక తప్పక కలపాలి. ఇది మర్చిపోతే సర్వీసు చేసిన ఇంజనే ఆయిల్ లేక పట్టేస్తుంది.

లో స్పీడ్ స్క్రూ రాసుకున్న స్థానానికి, అది తెలియకపోతే మాన్యువల్ చెప్పిన స్థానానికి తిప్పండి. చాలా మికునిలలో ఒకటి, ఒకటింపావు చుట్ల మధ్య ఉంటుంది. స్క్రూను బయటికి తిప్పితే రిచ్, లోపలికి తిప్పితే లీన్. సప్లై పైపులో పెట్రోలు నింపి, ఫ్లేమ్ అరెస్టర్ పెట్టాకే స్టార్ట్ చేయండి. ఇది ఎదురు మంటను ఆపే జల్లెడ, లేకుండా ఇంజన్ తిప్పకూడదు. హోసు పైపుతో నీళ్లిస్తుంటే ఇంజన్ స్టార్ట్ అయ్యాకే నీళ్లు తిప్పాలి, ఆపేటప్పుడు ముందు నీళ్లు ఆపి తర్వాత ఇంజన్ ఆపాలి. డ్రైవ్ ఇరుసు చుట్టూ ఉండే కార్బన్ సీలుకు నీళ్లు అందవు కాబట్టి గట్టున ఎక్కువసేపు నడపకండి.

గట్టున చేసిన ట్యూనింగ్‌ను నమ్మొద్దు, ఇంపెల్లర్ మీద నీటి బరువు ఉండదు. టూ స్ట్రోక్ సీ-డూలకు గట్టున ఐడ్లింగ్ 3000 ఆర్‌పీఎమ్ చూపితే నీళ్లలో 1500 దగ్గరకు దిగుతుంది. నీళ్లలోకి వెళ్లాక కాస్త వేడెక్కనిచ్చి, మధ్య వేగంలో చోక్‌ను రవ్వంత లాగి చూడండి. ఇంజన్ చురుగ్గా అయితే లీన్‌గా ఉంది, మొద్దుబారితే ఉన్నది సరిపోయింది లేదా రిచ్. హై స్పీడ్ స్క్రూ ఉన్నవారు రిచ్ వైపు నుంచి మొదలుపెట్టి ఎనిమిదో వంతు చుట్టు చొప్పున వెనక్కి రావాలి. లీన్ వైపు నుంచి ప్రయోగం చేయకండి. ఫుల్ థ్రాటిల్‌లో ఉండగా ల్యాన్యార్డ్ (ఇంజన్ ఆపే భద్రతా తాడు) లాగి ఆపి ప్లగ్గు తీస్తే టీ రంగు ఉండాలి. తెల్లగా ఉంటే ఆ రోజు ఇక నడపొద్దు. ఇంజన్ ఉన్నట్టుండి తనంతట తానే రేసుకుంటుంటే, క్రాంక్ సీలు లీకై ఉంటుంది, అది కార్బురేటర్ స్క్రూతో పోదు. రేసు పెరిగినా బండి కదలకపోతే ఇంపెల్లర్ చూడండి.

నిల్వ పెట్టేటప్పుడు

ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఎక్కువైతే నీరు, ఇథనాల్ విడిపోయి ట్యాంకు అడుగున పేరుకుంటాయి, పికప్ గొట్టం తాగేది మొదట అదే. రెండు నెలలకు మించి బండి ఆగుతుందనుకుంటే చివరి రైడుకు ముందే పెట్రోలు చెడకుండా ఆపే స్టెబిలైజర్ కలిపి, కనీసం పది నిమిషాలు నడిపితే అది కార్బురేటర్ గదుల దాకా చేరుతుంది. ఆగిన తర్వాత ట్యాంకులో పోస్తే కార్బురేటర్‌లోని పెట్రోలు అలాగే వార్నిష్ అవుతుంది. ఇంజన్ నడుస్తుండగా గొంతులోంచి ఫాగింగ్ ఆయిల్ (లోపల తుప్పు పట్టకుండా కాపాడేది) కొట్టి ఆపండి, సెలెక్టర్ ఆఫ్‌లో పెట్టండి.

సర్వీసు అయ్యాక తొలి కొద్ది గంటలు నడిపిన వెంటనే సెపరేటర్ గిన్నెను మళ్లీ విప్పి చూడండి. ట్యాంకు గోడలకు, పికప్ గొట్టానికి అంటుకున్న పాత జిగురు కదిలి వచ్చేది అప్పుడే. గిన్నెలో కొత్తగా చెత్త కనిపిస్తే ట్యాంకు దించి కడగాల్సిందే. శుభ్రంగా ఉంటే ఇక సీజన్ మొదట్లో ఒకసారి పైపులు, క్లాంపులు, ఓ-రింగు చూసుకుంటే చాలు.